కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణ: లోహతలంపై చర్యావేగం

నార్కట్‌పల్లి మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపైనా, జడ్చర్ల మీదుగా సాగే 44వ రహదారిపైనా తిరిగే నేటి పెట్రోలు కార్ల పొగగొట్టాల్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల రేణువులు ఉంటాయి. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను అవి కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి.

ఈ చర్యకు పునాది విశ్లేషణ చేసినవాడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ (1922). కార్బన్ మోనాక్సైడ్ అణువుకు లోహంపై ఒక్క ఖాళీ చాలు. ఆక్సిజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోవాలి కాబట్టి దానికి పక్కపక్కనే రెండు ఖాళీలు కావాలి. నల్లగొండ బస్సులో ఒంటరి ప్రయాణికులే సీట్లన్నీ ఆక్రమిస్తే జంటకు చోటు దొరకనట్టే! అందుకే చల్లని లోహంపై కార్బన్ మోనాక్సైడ్ పీడనం పెరిగేకొద్దీ చర్య మందగిస్తుంది. వింతగా తోచినా, తన చర్యకు తానే అడ్డుపడుతుందన్నమాట.

లోహం వేడెక్కితే కొన్ని కార్బన్ మోనాక్సైడ్ అణువులు లేచిపోతాయి, ఆక్సిజన్‌కు చోటు చిక్కుతుంది, వేగం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో కాలుష్యం ఎక్కువగా ఉండటానికి లోహం ఇంకా వేడెక్కకపోవడం ఒక ముఖ్య కారణం. బాగా వేడెక్కాక వేగాన్ని నిర్ణయించేది లోహం కాదు, దాని దాకా వాయువు చేరే తీరు.

కొన్ని పరిస్థితుల్లో ప్లాటినంపై ఈ వేగం లయబద్ధంగా హెచ్చుతగ్గులవుతుంది. దీని గుట్టు విప్పినవారిలో ముఖ్యుడు గెర్హార్డ్ ఎర్ట్ల్. ఘనతలాలపై రసాయన చర్యల అధ్యయనానికి 2007లో నోబెల్ అందుకున్నాడు. ఇలా చర్యలను వేగవంతం చేసే పదార్థాలపై, అంటే ఉత్ప్రేరకాలపై, పరిశోధనకు తెలంగాణలో పేరున్న కేంద్రం హైదరాబాద్ తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ); దాని మూలసంస్థ 1944లో ఏర్పడింది.

కార్ల పొగగొట్టాల్లోని లోహాలను పెట్రోలులోని సీసం పనికిరాకుండా చేస్తుంది. భారతదేశంలో 1995లో కొత్త పెట్రోలు కార్లకు ఈ లోహాలుండే కేటలిటిక్ కన్వర్టర్లు తప్పనిసరి చేసినప్పుడు ఆ నిబంధన ముందుగా నాలుగు మహానగరాలకే వర్తించింది. హైదరాబాద్ వాటిలో లేదు. సీసం కలిసిన పెట్రోలు దేశమంతటా 2000లో ఆగిపోయింది.