బెర్గెన్ నగరంలో వారాంతపు పర్యటన

బెర్గెన్ నార్వే దేశపు పశ్చిమ తీరంలోని రేవు నగరం. రాజధాని ఓస్లో తరువాత ఆ దేశంలో ఇదే పెద్ద నగరం. 2024 నాటికి జనాభా సుమారు 2.9 లక్షలు. పాత రేవు, కొయ్య ఇళ్ళు, కొండలు దగ్గర దగ్గరగా ఉండుట వలన శని, ఆదివారాలలోనే ముఖ్యమైన ప్రదేశాలను చూడవచ్చును. అయితే ఇక్కడ వాన ఎక్కువ, ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. కాబట్టి పర్యటనను ముందుగా ఆలోచించి ఏర్పరచుకోవాలి.

చరిత్ర

1070 ప్రాంతంలో ఓలాఫ్ కీర్రె అనే రాజు ఈ నగరాన్ని స్థాపించినట్లు సంప్రదాయంగా చెబుతారు. పాత పేరైన బ్యోర్గ్విన్‌కు "కొండల నడుమ పచ్చిక బయలు" అని అర్థం చెబుతారు. ఉత్తర నార్వే నుండి వచ్చే ఎండు కాడ్ చేపలకు ఇది పెద్ద సంత అయింది. 1360 ప్రాంతంలో జర్మన్ వర్తక నగరాల కూటమి అయిన హన్సా ఇక్కడ తన కార్యాలయాన్ని నెలకొల్పింది. ఈ వర్తకులు ధాన్యం తెచ్చి, ఎండు చేపలు కొనుక్కొని పోయేవారు. ఆ కార్యాలయం 1754 వరకు కొనసాగింది.

ఇళ్ళన్నీ కొయ్యవి కావడంతో నగరం అనేక మార్లు తగలబడింది. 1702లో రేవు ప్రాంతం పూర్తిగా కాలిపోగా, పాత పునాదుల మీద, పాత పద్ధతిలోనే తిరిగి కట్టారు. 1916 అగ్నిప్రమాదంలో నగర మధ్యభాగం దగ్ధమైంది. నగరంలో కనిపించే వెడల్పాటి ఖాళీ వీధులు మంటలు ఒక పేట నుండి మరొక పేటకు అంటుకోకుండా విడిచినవే.

వాతావరణం, అనువైన కాలం

సముద్రపు తేమగాలి కొండలను తాకి పైకి లేచి చల్లబడుట వలన ఇక్కడ సంవత్సరానికి 2,200 మిల్లీమీటర్లకు మించి వర్షం పడుతుంది. ఏడాదిలో 200కు పైగా రోజులు వాన రోజులే. ఏప్రిల్ నుండి జూన్ వరకు వాన కొంత తక్కువ, శరదృతువులో ఎక్కువ. జూన్ మూడవ వారంలో పగలు సుమారు 19 గంటలు ఉంటుంది, డిసెంబరులో సుమారు 6 గంటలే. అందువలన తక్కువ వ్యవధి గలవారికి మే, జూన్ మాసాలు మేలు. వానతో పాటు గాలి కూడా వీస్తుంది కాబట్టి గొడుగు కన్నా వానకోటు, నీరు చొరని బూట్లు ఎక్కువ ఉపయోగం.

ప్రయాణ మార్గాలు

నార్వే ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాదు, కాని షెంగెన్ ఒప్పందంలో ఉన్నది. భారతీయులు షెంగెన్ వీసా పొందాలి. ద్రవ్యం నార్వే క్రోన్. ఓస్లో నుండి బెర్గెన్ రైలుమార్గం 1909లో పూర్తయింది. ప్రయాణం సుమారు 7 గంటలు. దారిలో 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సె స్టేషను వస్తుంది. రైలు ప్రయాణమే ఒక పగటిలో ఎక్కువ భాగం తీసుకుంటుంది కాబట్టి, రెండు రోజులే ఉన్నవారు శుక్రవారం నాడే బయలుదేరడం మంచిది. విమానంలో వచ్చేవారికి విమానాశ్రయం నుండి నగరం మధ్యకు 2017 నుండి తేలికపాటి పట్టణ రైలు నడుస్తున్నది. దీనికి సుమారు 45 నిమిషాలు పడుతుంది.

శనివారం

ఉదయం రేవు ఒడ్డున ఉన్న బ్రిగ్గెన్‌తో ప్రారంభించవచ్చును. హన్సా వర్తకుల కాలం నాటి తీరులో నిలిచిన ఈ కొయ్య భవనాల వరుసను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ముందు భాగం చూసి వెళ్ళిపోక, భవనాల మధ్యనున్న ఇరుకు సందులలోనికి నడవాలి. ఈ ఇళ్ళలో నిప్పు వెలిగించుట నిషిద్ధం. వర్తకులు వంటకు, చలికాచుకొనుటకు వెనుకనున్న ప్రత్యేక గదులకు వెళ్ళేవారు. 1955లో బ్రిగ్గెన్‌లో కొంత భాగం కాలిపోయిన చోట జరిగిన త్రవ్వకాలలో 600కు పైగా రూన్ లిపి శాసనాలు దొరికాయి. వాటిలో సరుకుల మీద కట్టిన పేరు చీటీలు, సొంత సందేశాలు చెక్కిన కొయ్య ముక్కలు ఎక్కువ. త్రవ్వకాల ఫలితాలను 1976లో తెరచిన బ్రిగ్గెన్ మ్యూజియంలో చూడవచ్చును.

సమీపంలోనే 13వ శతాబ్దికి చెందిన హాకోన్ రాజు సభామందిరం ఉన్నది. 1944 ఏప్రిల్ 20న రేవులో ప్రేలుడు పదార్థాల ఓడ పేలినప్పుడు ఇది బాగా దెబ్బతిన్నది. తరువాత పునరుద్ధరించారు. కొనదలచిన వస్తువులు శనివారమే కొనుక్కోవాలి.

ఆదివారం

నగరం చుట్టూ ఏడు కొండలున్నట్లు చెబుతారు. 1918లో ప్రారంభమైన కొండ రైలు కొద్ది నిమిషాలలో సుమారు 320 మీటర్ల ఎత్తు గల ఫ్లోయెన్ కొండ మీదికి చేరుస్తుంది. మబ్బు కమ్మితే పై నుండి ఏమీ కనబడదు. కాబట్టి శనివారం ఆకాశం తేటగా ఉంటే ఆనాడే కొండ ఎక్కి, మ్యూజియంలను వాన వేళకు ఉంచుకోవడం వివేకం.

సంగీతాభిమానులు స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ (1843-1907) నివసించిన ట్రోల్డ్‌హౌగెన్‌ను చూస్తారు. ఆయన సమాధి అక్కడి కొండరాతిలోనే ఉన్నది. విద్యార్థులు చూడదగినది కుష్ఠువ్యాధి మ్యూజియం. గెర్హార్డ్ ఆర్మావర్ హాన్సెన్ 1873లో ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నది ఈ నగరంలోనే. మన దేశంలోనూ ఈ వ్యాధిని హాన్సెన్ వ్యాధి అని పిలవడానికి కారణమిదే. ఒకప్పుడు రోగులు నివసించిన ఆసుపత్రి భవనంలోనే మ్యూజియం ఉన్నది. ఇది ముఖ్యంగా వేసవిలో తెరచి ఉంటుంది కాబట్టి వేళలు ముందుగా చూసుకోవాలి.

బ్రిగ్గెన్ పరిరక్షణ

బ్రిగ్గెన్‌కు నిప్పు ఒక్కటే శత్రువు కాదు. ఈ భవనాల క్రింద శతాబ్దాలుగా పేరుకున్న మట్టి పొరలు, కొయ్య దుంగల పునాదులు ఉన్నాయి. నీటిలో మునిగి ఉన్న కొయ్యకు గాలి తగలదు కాబట్టి అది త్వరగా కుళ్ళదు. 1955లో కాలిన స్థలంలో తరువాత జరిగిన నిర్మాణం వలన భూగర్భ జలం తగ్గి, పునాదులు కుళ్ళనారంభించాయి, నేల క్రుంగింది. 2010ల దశకంలో వాన నీటిని భూమిలోనికి ఇంకించే ఏర్పాట్లతో నీటిమట్టాన్ని తిరిగి పెంచారు. పర్యాటకులు విసుగుకొనే వానయే ఆ పునాదులను కాపాడుతున్నది.