హాస్పిస్ సేవల నాణ్యత మదింపు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం

నయం కాని దశకు చేరిన క్యాన్సర్, ముదిరిన గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు, పక్షవాతం వంటివాటితో మంచం పట్టినవారికి నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్ల బాధ తగ్గించి, రోగికీ ఇంటివారికీ చివరిదాకా తోడుండే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ లేదా ఉపశమన వైద్యం అంటారు. అందులో ఆఖరి నెలలకు, వారాలకు సంబంధించిన భాగమే హాస్పిస్. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ సేవ ఎక్కువగా అందేది ప్రభుత్వ జిల్లా ఆసుపత్రులకు అనుబంధంగా ఉన్న పాలియేటివ్ కేర్ కేంద్రాల నుంచి, ‘ఆలన’ పేరుతో ఇళ్లకు తిరిగే వాటి వాహనాల నుంచి. కాబట్టి ఇక్కడ ఒక హాస్పిస్ సంస్థ మంచిదా కాదా తేల్చుకోవాలంటే వార్డు గోడలు, పడకలు చూస్తే సరిపోదు. రోగి మంచం దగ్గరికి ఏం చేరుతోంది, ఎన్నాళ్లకొకసారి చేరుతోంది, రాత్రివేళ ఏమవుతోంది అన్నవి చూడాలి.

నేపథ్యం

ఆధునిక హాస్పిస్ ఉద్యమం 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌తో మొదలైంది. మన దేశంలో తొలి హాస్పిస్ 1986లో ముంబయిలో తెరిచిన శాంతి అవేద్నా సదన్. 1993లో కేరళలోని కాలికట్‌లో మొదలైన పని ఈ వైద్యాన్ని ఆసుపత్రి నుంచి వాడల్లోకి, ఇళ్లలోకి తీసుకెళ్లింది. తెలంగాణలో అనుసరిస్తున్న పద్ధతికి కాలికట్టే దగ్గరి చుట్టం. కేంద్ర ప్రభుత్వం 2012లో జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమాన్ని ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా చేవెళ్లలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తరువాత దశలవారీగా ఇతర జిల్లాలకు విస్తరించింది. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, దానితో కలిసి పనిచేసే పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ, రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ నడిపే స్పర్శ్ హాస్పిస్ ఈ రంగంలో ముందునుంచీ ఉన్నాయి.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో ఉమ్మడి కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. రోగి దృష్టిలో దీనివల్ల కలిగిన మేలు ఒకటే: పెద్ద దవాఖాన కొంత దగ్గరైంది. క్యాన్సర్ చికిత్సకు మాత్రం ప్రయాణం తప్పలేదు. కరీంనగర్ నుంచి ఎంఎన్‌జేకు సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. అందుకే ఆదిలాబాద్ వైపు వారిలో చాలామంది నాగపూర్‌కో, వార్ధా దగ్గరి సేవాగ్రామ్‌కో పోతారు. ‘ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి’ అన్న మాట వినేది అక్కడ, ఆ మాట తరువాతి గోస పడేది ఇక్కడ. ఈ రెంటి మధ్య ఖాళీని ఎవరు పూడుస్తున్నారన్నదే స్థానిక సంస్థను చూసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న. ఇంటికి పంపిన ఆసుపత్రి కాగితాలు జిల్లా కేంద్రానికి చేరుతున్నాయా, లేక ఇంటివారే వెతుక్కుంటూ పోవాల్సి వస్తోందా అన్నది ఆరా తీస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

నొప్పి, మార్ఫిన్

క్యాన్సర్ నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్ల పద్ధతిని సూచించింది. చిన్న నొప్పికి పారాసిటమాల్ వంటివి, తీవ్రమైన నొప్పికి నోటిద్వారా మార్ఫిన్. ఈ గోళీలు ఖరీదైనవి కావు. చాలాకాలం దొరకకపోవడానికి కారణం చట్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆసుపత్రులు పలు శాఖల నుంచి పలు లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది. వాటిలో ఒక్కదాని గడువు తీరినా మందు ఆగిపోయేది. 2014 సవరణతో మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులను ‘అత్యవసర మాదక ఔషధాలు’గా వేరుచేసి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఒకే అనుమతితో నిల్వ చేసుకునే వీలు కల్పించారు. ఆ గుర్తింపు రావాలంటే ఉపశమన వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి, రిజిస్టరు సరిగా నడపాలి.

కాబట్టి ఏ సంస్థనైనా అడగవలసిన సూటి ప్రశ్న: మార్ఫిన్ గోళీలు మీ దగ్గర ఇప్పుడు ఉన్నాయా? ‘తెప్పిస్తాం’, ‘రాసిస్తాం, బయట కొనుక్కోండి’ అన్న జవాబు వస్తే ఆ సంస్థ నొప్పి విషయంలో సిద్ధంగా లేదని అర్థం. బయటి మెడికల్ షాపుల్లో అవి సాధారణంగా దొరకవు. మార్ఫిన్ లేని చోట హాస్పిస్ అన్న బోర్డు పెట్టడం రోగికి అన్యాయమే. ఎన్ని మంచి మాటలు చెప్పినా నాలుగు గంటలకోసారి లేచే నొప్పి మాటలకు తగ్గదు.

గోళీ ఉంటే చాలదు, ఇచ్చే తీరు చూడాలి. సాధారణ మార్ఫిన్ పనితనం నాలుగు గంటలు. నొప్పి వచ్చినప్పుడు వేసుకోమనడం తప్పు. నొప్పి రాకముందే, వేళ ప్రకారం ఇవ్వాలి: పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. పడుకునే ముందు రెట్టింపు మోతాదు ఇచ్చి, నడిరాత్రి గోళీ మానేసి నిద్ర చెడకుండా చూడటం చాలామంది వైద్యులు పాటించే పద్ధతి. దీనితోపాటు విరేచనానికి మందు తప్పకుండా రాయాలి. మార్ఫిన్ వాడే దాదాపు ప్రతివారికీ మలబద్ధకం వస్తుంది, అది తనంతట తాను తగ్గదు. మందుచీటీలో మార్ఫిన్ పక్కన విరేచనం మందు లేకపోతే, రాసినవారికి శిక్షణ చాలలేదని వైద్యం తెలియనివారు కూడా పట్టుకోవచ్చు. మొదటి కొద్దిరోజులు వికారం, మత్తు ఉంటాయనీ, తరువాత తగ్గుతాయనీ ముందే చెప్పాలి. చెప్పకపోతే భయపడి మానేస్తారు.

‘మార్ఫిన్ మొదలుపెడితే ఇక అయిపోయినట్టే’, ‘అలవాటైపోతుంది’ అన్న భయాలు ఊళ్లలో బలంగా ఉన్నాయి. నొప్పికి సరైన మోతాదులో వాడితే ప్రాణం తొందరగా పోదు. చాలామంది లేచి కూర్చుంటారు, నాలుగు మెతుకులు తింటారు. ఈ సంగతి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పే బృందం నాణ్యమైనది. ఇవేవీ జరగని చోట పక్కింటి ఆర్‌ఎంపీ వచ్చి డైక్లోఫినాక్ సూదులు, సెలైన్ పెట్టిపోతాడు. రోజుల తరబడి ఆ సూదులు పడితే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుండ్లు పడతాయి, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇంట్లో ఉండే ఫైలు

బృందం పనితీరు తెలుసుకోవడానికి ఇంటివారి చేతిలో ఉండే గట్టి సాక్ష్యం, వాళ్లు ఇచ్చిపోయే ఫైలు. దాన్ని తెరిచి చూడాలి. మనిషి బొమ్మ మీద నొప్పి ఎక్కడుందో గుర్తు పెట్టారా? వచ్చిన ప్రతిసారీ నొప్పికి అంకె వేశారా? పోయినసారి ఎనిమిది ఉన్నది ఈసారి మూడయిందా, లేక నాలుగు వరుస సందర్శనల్లో ఎనిమిదే ఉండి మందు మాత్రం మారలేదా? రెండోది కనిపిస్తే వచ్చిపోతున్నారే తప్ప వైద్యం జరగడంలేదు. మందుల పట్టిక చదువురాని భార్యకు అర్థమయ్యేలా సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మతో ఉందా? పుండు కొలత రాశారా? తరువాత ఎప్పుడు వస్తారో తేదీ వేశారా, ఫోన్ నంబరు పెట్టారా?

తరువాత రోగి ఒళ్లు చూడాలి. నడుము కింద వెన్ను చివర, మడమలు, తుంటి ఎముకల దగ్గర చర్మం ఎర్రబడిందా? పడక పుండు లేవకముందే, రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఎయిర్ బెడ్ వాడటం నేర్పాలి. పొగాకు, గుట్కా వాడకం ఎక్కువున్న ఈ ప్రాంతంలో నోటి క్యాన్సర్లు తరచుగా కనిపిస్తాయి. చెంప చిల్లిపడి పుండు వాసన కొడితే మనవలు కూడా దగ్గరికి రారు, ఆ మనిషి గొడ్లకొట్టం పక్కకు చేరతాడు. మెట్రోనిడజోల్ గోళీని పొడిచేసి పుండుపై చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. కొద్ది రూపాయల పని. దాన్ని ఇంటి కోడలికి నేర్పి, తమ ముందే ఒకసారి చేయించి చూసే నర్సు ఉన్న సంస్థకు ఎక్కువ మార్కులు వేయాలి.

దూరం, భాష

గోదావరికి ఇవతల కరీంనగర్ వైపు రోడ్లు బాగున్నా చాలా ఇళ్లలో చేసేవాళ్లు లేరు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి కొడుకులు దుబాయ్, మస్కట్ పోయి ఉంటారు. ముసలి దంపతుల్లో ఒకరు మంచం పడితే రెండోవారే దిక్కు, ఆ చేసే చేతులు బీడీలు చుట్టి అలసినవి కావచ్చు. అందుకని రోగితోపాటు సేవ చేసేవారి ఆరోగ్యం కూడా అడుగుతున్నారా, వాళ్లకు నాలుగు రోజులు తెరిపి దొరికేలా రోగిని వార్డులో చేర్చుకుంటారా అన్నది ఇక్కడ ముఖ్యమైన కొలత.

గోదావరికి అవతల సమస్య వేరు. ఉట్నూరు, నార్నూరు, తిర్యాణి వైపు గూడేల్లో వానాకాలం వాగులు పొంగితే వాహనం పోదు. మంచి బృందం జూన్‌కు ముందే ఎక్కువ రోజులకు సరిపడా మందులు ఇచ్చి, ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో జాగ్రత్తలు అప్పగిస్తుంది. ఇక్కడి ఇళ్లలో గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ మాట్లాడతారు. సున్నా నుంచి పదిలోపు నొప్పి ఎంత అని తెలుగులో అడిగితే కొలాం ముసలమ్మ ఏం చెబుతుంది? ముఖాల బొమ్మలు చూపాలి, వేళ్లు చూపమనాలి. పెద్దవాళ్లనైతే రూపాయిలో ఎన్నణాల నొప్పి అని అడగవచ్చు. పదేళ్ల మనవడిని దుబాసీగా నిలబెట్టి తాత చావు గురించి మాట్లాడించే బృందానికి శిక్షణ ఇంకా కావాలి. గోండి తెలిసిన కార్యకర్త వెంట ఉండటం అక్కడ డాక్టరు ఉండటమంత అవసరం.

దూరదేశాల పిల్లలు అడిగేది

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ‘అక్కడ రేటింగు ఎంత?’ అని అడగడం మామూలే. అమెరికాలో 1983 నుంచి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా హాస్పిస్ ఖర్చు భరిస్తోంది. రోగి పోయాక ఇంటివారిని సర్వే చేసి ఫలితాలను నక్షత్రాల రేటింగుగా ప్రజల ముందు పెడుతోంది. కరీంనగర్, ఆదిలాబాద్ కుటుంబాలు అలా నక్షత్రాలు చూసి ఎంచుకునే ఏర్పాటు ఏదీ లేదు. అయితే ఆ సర్వే అడిగే విషయాలు ఏ ఊళ్లోనైనా పనికొస్తాయి: రాత్రివేళ, సెలవురోజుల్లో పిలిస్తే సాయం అందిందా, మందుల దుష్ప్రభావాలు చెప్పారా, రోగిని ఎలా కదిలించాలో నేర్పారా, చెప్పింది విన్నారా, మర్యాదగా చూశారా. అంతకుముందు అదే బృందం సేవ పొందిన రెండు మూడు కుటుంబాలను ఆశా కార్యకర్త ద్వారా కలిసి ఇవే అడిగితే ఏ నక్షత్రాలూ చెప్పని నిజం తెలుస్తుంది. రాత్రి పదింటికి ఫైలు మీది నంబరుకు ఒకసారి ఫోన్ చేసి చూడటంలో తప్పులేదు. ఎత్తి, ఏ గోళీ ఇంకొకటి వేయాలో చెప్పగలిగితే చాలు, ఆ రాత్రే బండి రానక్కర్లేదు.

మన దేశంలోనూ పాలియేటివ్ కేర్ నిపుణులు కలిసి కనీస ప్రమాణాల పత్రం తయారుచేశారు. అందులో తప్పనిసరి అంశాలు వేరు, ఉంటే మంచివి వేరు. నొప్పిని కొలిచి రాయడం, నోటి మార్ఫిన్ ఆగకుండా దొరకడం, శిక్షణ పొందిన డాక్టరు, నర్సు ఉండటం తప్పనిసరి వరుసలో ఉన్నాయి. ప్రైవేటుగా ‘హోమ్ కేర్’ పేరుతో కేర్‌టేకర్లను పంపే ఏజెన్సీలు ఈ లెక్కలోకి రావు. ఒళ్లు తుడిచి, అన్నం తినిపించే సాయం విలువైనదే గాని, దాన్ని హాస్పిస్ అని అమ్మితే అడ్డుచెప్పాలి.

నిజం చెప్పడం, ఆఖరి రోజులు

రోగికి జబ్బు పేరు చెప్పొద్దని ఇంటివారు గుమ్మంలోనే డాక్టరును ఆపడం ఇక్కడ రివాజు. మంచి వైద్యుడు అబద్ధం ఆడడు, గభాలున నిజం కుమ్మరించడు. ‘మీకేమనిపిస్తోంది? ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?’ అని రోగినే అడుగుతాడు. చాలామందికి అప్పటికే తెలిసి ఉంటుంది. బిడ్డ పెళ్లి, పొలం పంపకం, అప్పుల లెక్క చెప్పుకోవడానికి వాళ్లకు వ్యవధి కావాలి.

చివరి రోజుల్లో తిండి, నీరు సహజంగానే తగ్గుతాయి. అప్పుడు సెలైన్ ఎక్కిస్తే ఒళ్లు ఉబ్బి, గొంతులో గురక పెరగవచ్చు. పెదాలు తడపడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం మేలు. నీళ్లైనా ఎక్కించకుండా పంపామన్న బాధ ఇంటివారిని ఏళ్లతరబడి తినేస్తుంది గనుక, ఈ మాట ముందే వివరించాలి. వెంటిలేటరు వద్దనుకునేవారి హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9 నాటి తీర్పులో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. తమ కోరికను ముందస్తుగా రాసిపెట్టే పత్రం (లివింగ్ విల్) గురించి అడిగితే చెప్పగలగడం కూడా సంస్థ నుంచి ఆశించవచ్చు.

ఖర్చు, కాగితాలు

ప్రభుత్వ కేంద్రంలో సేవ ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే ఆసుపత్రి సూపరింటెండెంటుకు, జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ప్రైవేటు సంస్థ అయితే రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి, రోజువారీ ఖర్చు రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రభుత్వ పింఛనుకు దారి చూపడం కూడా ఈ వైద్యంలో భాగమే. ఇంట్లో మరణించినప్పుడు 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించాలి. 2018లో మొదలైన రైతు బీమా కింద 59 ఏళ్లలోపు రైతు కుటుంబానికి వచ్చే అయిదు లక్షలకు ఆ ధ్రువపత్రమే ఆధారం. మరణించాక కొద్దిరోజులకు బృందం మరోసారి రావాలి. పరామర్శించాలి, నమోదు అయిందో లేదో అడగాలి, మిగిలిన మార్ఫిన్ గోళీలను లెక్కపెట్టి వెనక్కి తీసుకుని రిజిస్టరులో రాయాలి.