ఊర్మిళాదేవి నిద్ర

భక్తికిని స్వామిసేవకును పురాణములనుండి నిదర్శనము చూపుమన్నచో హనుమంతుని తరువాత మనకు లక్ష్మణుడే తోచును. అన్నకొఱకు పదునాలుగేండ్లు అడవులు తిరిగినవాడు గదా! ఆతని భార్య యేమయ్యెనని మాత్రము మన యిండ్లలో అడుగువారరుదు.

వాల్మీకి రామాయణములోని బాలకాండమున జనకుడు ఊర్మిళను లక్ష్మణునకిచ్చెను. అయోధ్యలో అత్తలు కోడండ్రను లోనికి గొనిపోయిరి. ఆమె ప్రసక్తి యించుమించుగా అంతే. అయోధ్యాకాండము 31వ సర్గమును చదువరులొకసారి తెఱచి చూతురుగాక. మిత్రులయొద్ద సెలవు గైకొనుమనియు, ఆచార్యుని యింటనున్న ధనుస్సులు తెమ్మనియు రాముడు చెప్పగా లక్ష్మణుడట్లే చేసెను. పిదప తల్లి సుమిత్ర హితవు చెప్పి పంపినది. భార్యతో చెప్పివచ్చెనన్న మాట మాత్రము లేదు. విండ్లకు దొరికిన చోటు ఇల్లాలికి దొరకలేదు!

ఈ యుపేక్షను గూర్చి రవీంద్రనాథ ఠాకూరు వ్రాసిన వ్యాసము 1907లో ‘ప్రాచీన సాహిత్య’ సంపుటమున చేరినది. మైథిలీశరణగుప్తుని హిందీ కావ్యము ‘సాకేత్’ 1931లో వెలువడినది. వీరిలో నెవ్వరిని చదువని మన తెలుగు స్త్రీలు తమ పాటలలో ఆమెకు చోటిచ్చిరి. అది నాకు గొప్పగా దోచును.

గంగాతీరమున గుహునితో మాటలాడుచు లక్ష్మణుడొక రాత్రి మేలుకొనెనని వాల్మీకి చెప్పెను. పదునాలుగేండ్ల జాగరణము ఆయన కావ్యమున లేదు. ఆ జాగరణమును కల్పించిన మన పాటలు దాని వెలను గూడ లెక్కగట్టినవి. లక్ష్మణుడు నిద్రాదేవిని తన భార్యకడకు పొమ్మనెనట! సేవ చేసిన కీర్తి ఆతనిది, ఆ సేవకు చెల్లించిన యౌవనము ఆమెది. ఆమె సమ్మతి నెవ్వరడిగిరి? దేశసేవకనియు సన్న్యాసమునకనియు ఇల్లు విడిచిన మహనీయుల చరిత్రములందును ఈ ప్రశ్న తఱచుగా మఱుగుపడియే యుండును.

‘ఊర్మిళాదేవి నిద్ర’ అను పాటలో పట్టాభిషేకానంతరము కూడ లక్ష్మణునకు భార్య గుర్తురాలేదు. సీత రామునితో చెప్పగా, రాముడాజ్ఞాపింపగా, ఆతడు ఊర్మిళ మందిరమునకు పోయెను. ఆమె నిద్రమత్తులో ఆతని నెఱుగక, పరకాంతను గోరి యింద్రుడేమయ్యెనో, రావణుడేమయ్యెనో యెఱుగవా యని గద్దించినది. పదునాలుగేండ్లు ఒక్క క్షణమును ఏమరక అన్నను గాచినవాడు తన భార్య శయ్యప్రక్కన నిలిచి, నేను ఫలానావాడనని చెప్పుకొనవలసివచ్చెను.