కాకినాడ వర్తకులకు హార్వర్డు పాఠం



కాకినాడ అనగానే మనవారికి కోటయ్య కాజా, రేవు, మహా అయితే 1923 నాటి కాంగ్రెసు మహాసభ స్ఫురిస్తాయి. మనస్తత్వ శాస్త్రం చదువుకున్న విదేశీయులలో కొందరికి ఆ ఊరి పేరు వేరొక కారణం చేత పరిచయం. 1964-65 ప్రాంతంలో ఆ పట్టణానికి చెందిన వర్తకులు, చిన్న పరిశ్రమల వారు 52 మంది జట్లు జట్లుగా హైదరాబాదు వెళ్ళి, పదిరోజులకు అటూ ఇటూగా ఒక విచిత్రమైన తరగతిలో విద్యార్థులై కూర్చున్నారు. ఆ పాఠానికి సూత్రధారి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మెక్లీలాండ్.

నాకీ సంగతి మొదట తెలిసింది పండిత శిక్షణ పొందే రోజుల్లో. విద్యా మనోవిజ్ఞానంలో 'సాధనా ప్రేరణ' అనే శీర్షిక కింద రెండే రెండు పంక్తులు ఉండేవి. పరీక్షకు వాటిని వల్లించి, రాసి, మరచిపోయాను. అందులోని కాకినాడ మా రాజమండ్రికి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న కాకినాడేనని ఆనాడు ఆలోచించిన పాపాన పోలేదు. పదవీ విరమణ చేశాక తీరిక దొరికి, మెక్లీలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో వెలువరించిన 'మోటివేటింగ్ ఎకనమిక్ అచీవ్‌మెంట్' అనే గ్రంథం గురించి ఆరా తీయడం మొదలుపెట్టాను. ఆ ప్రయోగ వృత్తాంతమంతా అందులోనిదే.

కథ కాకినాడకు రాకముందు కొంత నడిచింది. ఒక జాతి సంపన్నం కావడానికీ, మరొకటి వెనుకబడడానికీ కారణం ఏమిటన్నది పాత ప్రశ్న. నేల, నీరు, గనులు, పెట్టుబడి అని అర్థశాస్త్రవేత్తలు చెప్పేవారు. ఇరవయ్యో శతాబ్దారంభంలో జర్మనీ పండితుడు మాక్స్ వెబర్, మతం నేర్పిన జీవన దృష్టికీ వ్యాపారాభివృద్ధికీ సంబంధం కలిపాడు. మెక్లీలాండ్ ఆ మాటను అందుకొని, సంపదకు మూలం మనుషుల మనస్సులోని ఒక కాంక్ష అన్నాడు. పనిని నిన్నటికంటె నేడు మేలుగా చేయాలనే కాంక్ష అది. డబ్బు మీద ఆశ వేరు, ఇది వేరు. దీనికే సాధనా ప్రేరణ అని పేరు.

మరి మనస్సులోని కాంక్షను కొలిచేదెలా? ఇక్కడే తెలుగు పంతులునైన నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన కొలిచింది కథలతో! హెన్రీ మరే, క్రిస్టియానా మోర్గన్ 1935లో ప్రకటించిన ఒక పరీక్ష ఉంది, పొట్టిగా టీ.ఏ.టీ. అంటారు. ఒక బొమ్మ చూపి, దాని మీద కథ అల్లమంటారు. మెక్లీలాండ్ ఉపయోగించిన బొమ్మల్లో ఒక ఇంజనీరు బల్ల ముందు కూర్చుని ఉంటాడు, బల్ల మీద భార్యాబిడ్డల ఛాయాచిత్రం ఉంటుంది. ఒకడు 'పాపం, ఇంటివాళ్ళతో సెలవు గడపాలని తలపోస్తున్నాడు' అని కథ రాస్తాడు. మరొకడు 'తాను కట్టబోయే వంతెన గాలి తాకిడికి నిలుస్తుందా అని లెక్క వేస్తున్నాడు' అని రాస్తాడు. మొదటివాడి మనస్సు అనుబంధాల మీద, రెండవవాడిది పని మీద. అటువంటి భావాలు కథలో ఎన్ని వచ్చాయో లెక్కించి మార్కులు వేస్తారు.

అంతటితో ఆగక ఆయన బడిపిల్లల వాచకాల మీద పడ్డాడు. 1925 ప్రాంతపు వాచకాలు 23 దేశాలవి, 1950 ప్రాంతపువి 40 దేశాలవి తెప్పించి, సుమారు 1,300 కథలకు ఇదే పద్ధతిలో మార్కులు వేయించాడు. ఏ దేశపు వాచకాల్లో సాధనా భావం మెండుగా ఉందో ఆ దేశం తరువాతి కాలంలో వేగంగా ఎదిగిందని 1961లో వచ్చిన 'ది అచీవింగ్ సొసైటీ' అనే గ్రంథంలో వాదించాడు. ముప్ఫై ఏళ్ళు వాచకాలు బోధించినవాణ్ణి గనుక ఈ మాట చదివి ఛాతీ కొంత ఉప్పొంగిందని ఒప్పుకుంటాను. అయితే తరువాతి ఏళ్ళ ఆర్థిక లెక్కలు చేర్చి చూసిన పరిశీలకులకు ఆ సంబంధం కనిపించలేదు. ఉప్పొంగిన ఛాతీ యథాస్థానానికి వచ్చింది.

ప్రేరణను కొలవగలిగితే పెంచనూ వచ్చు గదా అన్నది తరువాతి ఊహ. పసితనంలో తల్లి ఒడిలో కుదురుకున్న స్వభావం నడివయస్సులో మారదని ఆనాటి మనస్తత్వ శాస్త్రంలో బలమైన నమ్మకం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనవారూ అన్నారు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి దొరికిన చోటు కాకినాడ.

శిక్షణ జరిగింది హైదరాబాదు యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో. దానినే సియెట్ అనేవారు. 1984లో అది జాతీయ సంస్థ అయింది, తరువాత నిమ్స్‌మే అయింది. వచ్చినవారికి జమాఖర్చులు నేర్పలేదు, అప్పులూ ఇవ్వలేదు. బొమ్మలు చూపి కథలు రాయించారు. ఆ కథలకు మార్కులు ఎలా వేస్తారో చెప్పి, ఎవరి కథను వారే దిద్దుకోమన్నారు. మళ్ళీ రాయించారు. తన కథలో తనను తాను చూసుకోవడమన్న మాట! వ్యాసాలు దిద్ది దిద్ది కళ్ళు పోగొట్టుకున్న మాకు విద్యార్థి చేతనే దిద్దించాలన్న ఆలోచన ఎందుకు రాలేదో.

వలయాలు విసిరే ఆట ఒకటి ఆడించారు. మన తీర్థాల్లో సబ్బుబిళ్ళల మీద రింగులు వేయిస్తారే, దాదాపు అదే. మేకుకు ఎంత దూరాన నిలబడాలో ఆడేవాడే నిర్ణయించుకోవాలి. దగ్గరగా నిలిచి వేస్తే గెలుపు ఖాయమే గాని గొప్ప లేదు. మరీ దూరంగా నిలిచినవాడు అదృష్టానికి మొక్కుతున్నట్లు. సాధనా ప్రేరణ గలవాడు శ్రమిస్తే పడేటంత దూరం, అంటే మధ్యస్థపు దూరం, ఎంచుకుంటాడని మెక్లీలాండ్ సిద్ధాంతం. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరిని చదువుకున్నవారికి అందులోని మూడు తరగతుల మనుషులు గుర్తుకు రావచ్చు. అక్కడ మధ్యముడు విఘ్నం రాగానే పని విడిచేవాడు. ఇక్కడ మధ్యమ దూరంలో నిలిచినవాడే ఉత్తముడు. ఆ పద్యానికి మెక్లీలాండ్ ఎన్ని మార్కులు వేసేవాడో గాని, గట్టిగానే వేసి ఉండేవాడని నా నమ్మకం.

చివరి రోజుల్లో ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్ళలో తాము సాధించదలచినది కాగితం మీద పెట్టారు. అప్పుడప్పుడు కలుసుకొని ఒకరికొకరు లెక్క అప్పజెప్పుకోవాలని ఏర్పాటు. వేలూరు నుంచీ కొందరు ఇదే శిక్షణ పొందారు. కాకినాడతో పోల్చి చూడడానికి శిక్షణ ఇవ్వకుండా వదిలిన ఊరు మా రాజమండ్రి.

రెండేళ్ళ తరువాత లెక్కలు తీశారు. కొత్త వ్యాపారం మొదలుపెట్టారా, పెట్టుబడి పెంచారా, పనివారిని కొత్తగా తీసుకున్నారా, ఎక్కువ గంటలు పనిచేశారా అని అడిగారు. శిక్షణ పొందినవారిలో సుమారు సగం మందిలో చెప్పుకోదగిన చొరవ కనిపించింది. పొందనివారిలో అది పావువంతు దగ్గరే ఆగింది. కులం, తిథివార నక్షత్రాల పట్టింపు, పంచెకట్టు, ఇవేవీ చొరవకు అడ్డు రాలేదనీ తేలింది. పూజ చేసుకొని కొట్టు తెరిచే వర్తకుడు కొత్త యంత్రం కొనడానికి వెనుదీయలేదు. హిందూ ధర్మం వ్యాపారాభివృద్ధికి ఆటంకమని వెబర్ నాటి నుంచీ సాగుతున్న వాదానికి కాకినాడ ఇచ్చిన జవాబు ఇది.

ఈ ప్రయోగాన్ని స్మరించేవారు సాధారణంగా ఇక్కడితో ముగిస్తారు. అసలు సంగతి దీని తరువాత ఉంది. శిక్షణ ఫలించింది ప్రధానంగా తన వ్యాపారంలో నిర్ణయాధికారం తన చేతిలో ఉన్నవారికి. అన్నగారి మాట మీదో, తండ్రిగారి సంతకం మీదో నడిచే కొట్లో కూర్చున్నవాడికి కాంక్ష మేల్కొన్నా చేయగలిగింది తక్కువ. మనస్సు మారడం ఒక మెట్టయితే, మారిన మనస్సుకు తాళంచెవి దొరకడం మరొక మెట్టు. గ్రంథకర్తలు దీనిని దాచలేదు. దానిని రెండు పంక్తులకు కుదించి మాకు పాఠంగా ఇచ్చినవారే తాళంచెవిని వదిలేశారు.

ఆ వదిలేయడం వల్ల జరిగే చెరుపు ఎటువంటిదో నా చేతుల మీదుగానే చూశాను. తొంభైలలో సముద్రతీరపు నేతగ్రామం ఒకదానిలో పనిచేశాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఇంటిపని ఏనాడూ పూర్తిచేసి తెచ్చేది కాదు. పురోగతి పత్రంలో 'శ్రద్ధ లేదు, పట్టుదల లేదు' అని మూడు పర్యాయాలు ఎర్రసిరాతో రాశాను. ఒక సాయంకాలం వాళ్ళ వీధిన వెళ్తూ చూస్తే గుంటమగ్గం మీద తండ్రి పక్కన కూర్చుని ఉంది. జాంధానీ చీర సాధారణంగా ఇద్దరు కూర్చుని నేస్తారు. రెండవ మనిషికి కూలి ఇచ్చే స్తోమత ఆ ఇంట లేదు. పువ్వు తరువాత పువ్వు, దారం లెక్క తప్పకుండా ఎత్తుతున్న ఆ చేతులను చూస్తూ కొంతసేపు నిలబడ్డాను. పట్టుదల లేదని రాసింది ఆ పిల్లను గురించే. మరునాడు బడికి వెళ్ళి ఆ మాటలు కొట్టివేయవలసింది. ప్రధానోపాధ్యాయుని సంతకం అయిపోయిన పత్రంలో దిద్దుబాట్లెందుకని ఊరుకున్నాను. తొమ్మిదిలో ఆ పిల్ల చేరలేదు.

2013లో 'సైన్స్' పత్రికలో ముల్లైనాథన్, షఫీర్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధన చదివినప్పుడు ఆ మగ్గమే కళ్ళముందు నిలిచింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు చేతిలో పైసా ఆడని రోజుల్లో ఒకసారి, డబ్బు చేతికి వచ్చాక మరొకసారి బుద్ధిపరీక్షలకు కూర్చోబెట్టారు. అదే రైతు లేమిలో తక్కువగా, కలిమిలో మెరుగ్గా చేశాడు. లేమి మనస్సులోని చోటును ఆక్రమిస్తుందని వారి వ్యాఖ్య. దాని మీద వాదోపవాదాలు లేకపోలేదు. ఆ రైతుల జిల్లాలు విళుప్పురం, తిరువణ్ణామలై. మెక్లీలాండ్ మనుషులు వెళ్ళిన వేలూరికి తిరువణ్ణామలై పొరుగే. అర్ధశతాబ్ది తేడాతో దాదాపు ఒకే గడ్డ మీద రెండు ప్రశ్నలు వేశారు. మొదటివారు మనస్సు నుంచి సంపద ఎలా వస్తుందని అడిగారు, రెండవవారు సంపద లేకపోతే మనస్సు ఏమవుతుందని.

కాకినాడ పాఠం వట్టిపోయిందని అనడం మాత్రం నాకు సమ్మతం కాదు. 1969-70లో గుజరాతులో మొదలైన ఔత్సాహిక పారిశ్రామికుల శిక్షణ ఈ బాటనే నడిచి, 1983లో అహమదాబాదులో ఒక జాతీయ సంస్థగా స్థిరపడింది. 2017లో పశ్చిమాఫ్రికాలోని టోగో దేశం నుంచి వెలువడిన పరీక్ష మరింత గట్టిది. 1,500 మంది చిరువ్యాపారులను చీట్లు వేసినట్లు మూడు జట్లుగా విడదీశారు. జమాఖర్చుల వంటి మామూలు శిక్షణ పొందినవారి లాభం ఏదో కొద్దిగా పెరిగింది, అదీ నిశ్చయంగా చెప్పలేనంత. చొరవ, ముందుచూపు, ఆటంకాలను దాటడం నేర్చిన జట్టు లాభం 30 శాతం పెరిగింది. వారూ తమ కొట్టుకు తామే యజమానులని గమనించండి.

ఇక రాజమండ్రివాడిగా నాకొక ఫిర్యాదు మిగిలి ఉంది. శిక్షణ లేకుండానే పావువంతు మంది చొరవ చూపారని పుస్తకమే ఒప్పుకుంది. వారిని ఎవరూ హైదరాబాదు తీసుకువెళ్ళలేదు, కథలు రాయించలేదు, రింగులు వేయించలేదు. కాకినాడ వారిని అంతగా పరామర్శించిన ఆచార్యులు, గోదావరి గట్టున కొట్లు తెరుచుకుని కూర్చున్న ఆ కొద్దిమందిని కూడా 'అయ్యా, మీకెక్కడిదీ ఉత్సాహం?' అని అడిగి నాలుగు పుటలు నింపి ఉంటే బాగుండేది.