కణం నుంచే కణం: నాలుగో పేరు కథ

కణ సిద్ధాంతం అనగానే బళ్ళో చదువుకున్న వాళ్ళందరికీ రెండు పేర్లు జంటగా గుర్తొస్తాయి: ష్లైడెన్, ష్వాన్. జంటకవుల పేర్లలాగా వాటిని విడదీసి పలికిన జ్ఞాపకం నాకు లేదు. ఒక మార్కు ప్రశ్నకు ఆ జంట సరిపోయేది. కాస్త శ్రద్ధగా రాసిన పుస్తకాలు మూడో పేరు కూడా చేర్చి, కణాలు కణాల నుంచే పుడతాయని చెప్పినవాడు రుడాల్ఫ్ ఫిర్షో అంటాయి (ఇంగ్లీషు అక్షరాల వెంటపడి మనం విర్చో అని చదువుకున్నది ఈయన పేరే). నాలుగో పేరు ఒకటుందనీ, అది లేకపోతే మూడో పేరుకు పునాది చాలదనీ నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఆ పేరు రాబర్ట్ రేమాక్.

కథ మొదలైంది బెండు ముక్కతో. 1665లో లండన్‌లో అచ్చయిన ‘మైక్రోగ్రాఫియా’ అనే పుస్తకంలో రాబర్ట్ హుక్ సీసా మూతలకు వాడే బెండును పలచగా చెక్కి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కనబడిన ఖాళీ గదుల గురించి రాశాడు. ఊరుకోకుండా లెక్క కూడా కట్టాడు: అంగుళం పొడవులో 1,080 గదులు, ఘనపుటంగుళంలో 125 కోట్ల పైచిలుకు. వాటికి ‘సెల్’ అని పేరు పెట్టాడు. ఆ మాటకు చిన్న గది అని అర్థం. నిజానికి ఆయన చూసినవి చచ్చిన కణాలు వదిలిపోయిన గోడలు మాత్రమే. కాపురం ఖాళీ అయిన ఇంటిని చూసి గృహస్థు గురించి చెప్పినట్టు. మనవాళ్ళు దానికి ‘కణం’ అన్నారు. గది అన్న భావం పోయి నలుసు అన్న భావం వచ్చింది. లోపల ఒక సంసారమే ఉందన్న సంగతి ఆ మాటా చెప్పదు, ఈ మాటా చెప్పదు. అయినా వాడుకలో పడ్డాక మాటలతో మనకు పేచీ ఎందుకు?

ఆ తరువాత నూట డెబ్భై ఏళ్ళ చరిత్రను దాటేస్తాను. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో ఒక గుండ్రని మచ్చను గమనించి దానికి కేంద్రకం అని పేరు పెట్టాడు. 1837లో బెర్లిన్‌లో ఒక భోజనాల బల్ల దగ్గర ష్లైడెన్, మొక్కల కణాలు పుట్టడంలో ఈ కేంద్రకానికి ఉన్న పాత్ర గురించి ష్వాన్‌తో చెప్పాడు. అలాంటిదే తాను జంతువుల పిండాల్లో చూసినట్టు ష్వాన్‌కు చప్పున స్ఫురించింది. 1838లో ఒకరు, 1839లో ఇంకొకరు రాసిన వాటితో చెట్టూ జంతువూ ఒకే ఇటుకతో కట్టిన ఇళ్ళని లోకానికి తెలిసింది. ఇంతవరకూ మన పాఠ్యపుస్తకం ఒప్పే.

అది చెప్పకుండా వదిలేసే సంగతి ఏమిటంటే, ఆ ఇటుక ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఈ ఇద్దరూ తప్పు జవాబు చెప్పారు. పటికబెల్లం పాకంలో పలుకులు కట్టినట్టు, ఒక జిగురు ద్రవంలో ముందు నలుసు, నలుసు చుట్టూ కేంద్రకం, దాని చుట్టూ కణం పేరుకుంటాయని వాళ్ళ నమ్మకం. ఇది జరిగేది పాత కణం లోపలేనని ష్లైడెన్, జంతువుల్లో కణాల బయట కూడా జరుగుతుందని ష్వాన్. నీటి నాచులో కణం రెండుగా చీలడాన్ని హ్యూగో ఫాన్ మోల్ 1835లోనే వర్ణించాడు. కానీ అది ఎక్కడో ఒకచోట జరిగే విశేషంగా మిగిలిపోయింది.

ఇది చిన్న తప్పు కాదు. ప్రాణం లేని ద్రవం నుంచి కణం పుట్టగలిగితే, కుళ్ళిన మాంసంలోంచి పురుగులు వాటంతటవే పుడతాయన్న పాత నమ్మకాన్ని దొడ్డిదారిన లోపలికి పిలిచినట్టే. వ్రణం, కంతి కూడా ఒంట్లో ఊరిన ద్రవాల నుంచి కొత్తగా పుట్టుకొస్తాయని అప్పటి వైద్యులు నమ్మింది ఈ లెక్కతోనే. ఫిర్షో కూడా మొదట్లో ఆ ద్రవాన్ని నమ్మినవాడే.

రేమాక్ 1815లో, అప్పుడు ప్రష్యా ఏలుబడిలో ఉన్న పోజెన్‌లో పుట్టాడు. యూదుడు. బెర్లిన్‌లో యోహానెస్ మ్యూలర్ దగ్గర పనిచేశాడు. ష్వాన్ పనిచేసిందీ ఆ గురువు దగ్గరే. 1838లో డాక్టరు పట్టా వచ్చింది కానీ, ప్రష్యా విశ్వవిద్యాలయాల్లో యూదులు పాఠం చెప్పడానికి వీల్లేదు. జ్ఞానస్నానం తీసుకుంటే ఆ తలుపు తెరుచుకునేది. ఆయన తీసుకోలేదు. రోగులను చూసుకుంటూ పొట్టపోసుకుని, మిగిలిన వేళల్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. రాజుకే నేరుగా అర్జీ పెట్టుకుంటే కాదన్నారు. చివరికి అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ వంటి పెద్దలు పూనుకోగా 1847లో అధ్యాపకుడిగా అనుమతి దొరికింది. అదీ జీతం లేని కొలువు. విద్యార్థులిచ్చే రుసుమే రాబడి.

ఆయన చూసినదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. కోడిగుడ్డులో పెరుగుతున్న పిండం నెత్తురు తీసుకున్నాడు. ఎదిగిన మన ఎర్ర కణాల్లో కేంద్రకం ఉండదు, పక్షుల వాటిలో ఉంటుంది. ఆ కణాల్లో కొన్నిటికి రెండేసి కేంద్రకాలు, వాటి మధ్య సన్నని కాడ. అంటే విడిపోతూ విడిపోతూ కంటికి చిక్కిన కణాలన్నమాట. 1841లోనే ఈ సంగతి రాశాడు. అయితే నెత్తురులో జరిగింది ఒళ్ళంతా జరుగుతుందని చెప్పడానికి ఆయనకు మరో పదేళ్ళు పట్టింది. తొందరపడని మనిషి. కప్పగుడ్డు మీద గాడి పడి రెండు, నాలుగు, ఎనిమిది ముక్కలుగా చీలడం అంతకుముందే తెలుసు. ఆ ముక్కలు నిజంగా కణాలేనా, వాటికి పొర ఉందా అన్నదే చిక్కు. గుడ్లను గట్టిపరిచే ద్రావణాలు తయారుచేసుకుని ఆ పొరను చూపించాడు రేమాక్. గుడ్డు నుంచి కండ దాకా, నరం దాకా మధ్యలో తెగని వరస. 1852లో తేల్చి రాశాడు: కణాల బయట కణం పుట్టడమన్నది, జీవులు వాటంతటవే పుట్టుకొస్తాయన్న మాటంత నమ్మశక్యం కానిదని.

మూడేళ్ళకు, 1855లో, ఫిర్షో తన పత్రికలో ఒక వ్యాసం రాసి ఈ భావాన్నే లాటిన్‌లో సూత్రంలా బిగించాడు: ప్రతి కణమూ కణం నుంచే. 1858లో వచ్చిన ఆయన ఉపన్యాసాల పుస్తకంతో ఆ వాక్యం ఐరోపా అంతా పాకింది. రేమాక్ నొచ్చుకుని ఉత్తరం రాశాడు: ఆ సూత్రం మీ సొంతమన్నట్టు రాశారు, నా పేరెత్తలేదు అని.

ఫిర్షోను దొంగ అనేసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. 1848లో సైలీషియాలో జ్వరాలకు మందు కన్నా ముందు చదువూ స్వేచ్ఛా కావాలని సర్కారు మొహం మీద రాసినవాడు, అదే ఏడు బెర్లిన్ వీధుల్లో తిరుగుబాటుదార్ల పక్కన నిలబడినవాడు. ముసలితనంలో యూదుద్వేషాన్ని బాహాటంగా ఎదిరించాడు. రోగమంటే కణాలకు వచ్చే రోగమేనన్న గొప్ప ఊహ ఆయనదే. సూత్రం కట్టడమూ ఒక ప్రతిభే, ఒప్పుకుంటాను. పత్రిక చేతిలో ఉన్నవాడికీ, 1856లో బెర్లిన్‌లో ఆచార్యపీఠం ఎక్కినవాడికీ ఒక సాటి పరిశోధకుడి పేరు రాయడం ఎంత పని? అక్కడే నాకు మింగుడుపడదు.

1859లో రేమాక్‌కు సహాయాచార్య పదవి వచ్చింది. పూర్తి ఆచార్యుడు కాకుండానే, 1865లో, యాభయ్యో ఏట పోయాడు. కేంద్రకం కూడా కేంద్రకం నుంచే పుడుతుందని 1882లో వాల్టర్ ఫ్లెమ్మింగ్ చూపించేదాకా ఆ కథ సాగింది.

ఆయన మనవడి పేరూ రాబర్ట్ రేమాకే. గణితశాస్త్రవేత్త. నాజీలు ఆయన్ని 1942లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పట్టుకుని ఆష్‌విట్జ్‌కు పంపారు, తిరిగి రాలేదు.

తాత పరిశోధన మాత్రం మన తెలుగు మీడియం ఇంటర్ పుస్తకాల దాకా వచ్చింది. బహిస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం అని పిండంలోని మూడు పొరల గురించి వల్లె వేశాం కదా, వాటిని కణాల ఆధారంగా స్థిరపరచి, దేని నుంచి ఏ అవయవం వస్తుందో చెప్పినవాడు ఆయనే. మా పుస్తకంలో ఆ పేజీలో బొమ్మ ఉండేది, కింద పేరు ఉండేది కాదు.