పెడన అద్దకం: ఉతికిన చేతికి కళలో చోటెక్కడ?

కలంకారీ అనగానే మన కళాచరిత్రలు పర్షియా నుంచి మొదలెడతాయి. గోల్కొండ సుల్తానుల అభిరుచి, 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో దిగడం, ఇదీ వరస. ఇవన్నీ నిజాలే. కానీ బందరు పక్కనున్న పెడనలో పని నడిచేది ప్రధానంగా కలంతో కాదు, టేకుచెక్క అచ్చుతో. అది అద్దకం. రాసే చేతికున్న మర్యాద అద్దే చేతికి లేదు కాబట్టే కాబోలు, అచ్చుపనికీ కలం పేరే తగిలించారు!

శ్రీకాళహస్తిలో కలంతో పురాణగాథలు గీస్తారు. 2008లో అక్కడి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. తగిన గౌరవమే. పెడన పనిని మాత్రం 'కుటీర పరిశ్రమ' అని పక్కన పెట్టడం ఎందుకని మేము అడుగుతున్నాం.

అసలు ఆ గుడ్డకు అందం ఎక్కడ పుడుతుంది? గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండేసి తెలుపు తెస్తారు. కరక్కాయ, పాలు పట్టిస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లు అద్దితే నలుపు తేలుతుంది. పటిక అద్దిన చోట అప్పటికింకా ఎరుపు ఉండదు. ఆరాక పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లయితే ఊడిన పటిక మళ్లీ గుడ్డకంటుకుని, తెల్లగా ఉండాల్సిన చోట మరకలవుతాయి. ఆపైన కాగుల్లో ఉడికిస్తేనే ఎరుపు పైకొస్తుంది. ఆ ఎరుపు ఒకప్పుడు చిరివేరుది. 1868లో జర్మన్లు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక క్రమంగా అదే వచ్చి కూచుంది. ఎంతసేపు ఉతకాలో, మంట ఎప్పుడు తగ్గించాలో కాలవలో దిగినవాళ్లకూ పొయ్యి దగ్గరున్నవాళ్లకూ తెలుసు. రసం, ధ్వని అంటూ సహృదయుడి చుట్టూ తిరిగిన మన అలంకారశాస్త్రం ఈ తెలివిని లెక్కలోకి తీసుకోలేదు. మురికి బట్ట ఉతకడాన్ని మైలపని చేసిన సమాజం ఎట్లా తీసుకుంటుంది?

ప్రపంచ మార్కెట్టు పెడన ప్రాంతానికి కొత్త కాదు. 1686లో ఫ్రాన్సు, 1700లోనూ 1721లోనూ ఇంగ్లండు మన అద్దకాల మీద నిషేధాలు పెట్టాయి. తర్వాత ఆ దేశాల మిల్లులే అచ్చేసిన గుడ్డలు మనకు పంపాయి. ఇవాళ స్క్రీన్, డిజిటల్ ప్రింటు గుడ్డలు కలంకారీ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. నకలయ్యేది డిజైనే, ఉతుకుడు కాదు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది గానీ, ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలిని కాదు.

2020లో టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం భారతీయ అద్దకాలపై 'ప్రపంచాన్ని మార్చిన బట్ట' అని ప్రదర్శన పెట్టింది. వడోదరకు చెందిన లావణ్య మణి కలంకారీ పద్ధతిలోనే వలస వ్యాపార చరిత్రను గుడ్డమీదికి తెచ్చారు. అద్దకం దేవుళ్ల కథలకే పరిమితం కాదని ఇలాంటి పని చూపుతోంది, అది మనకు కావాలి. అయితే గాలరీ గోడమీద ఆమె పేరుంటుంది. మ్యూజియం చీటీ మీద 'కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం' అనుంటుంది. ఉతికిన మనిషికి అదీ లేదు.

పెడన వెళ్లే విద్యార్థి మిత్రులు డిజైన్లను ఫోటోలు తీసుకుని వచ్చేయకండి. అచ్చు ఎవరు చెక్కారు, కాగు దగ్గర ఎవరున్నారు, ఏ పని ఆడవాళ్లది, దేనికెంత కూలి అన్నది కూడా రాసుకు రండి.