పనివాని చేతికి గణితము

విద్యను కొందరికి దగ్గరగను, కొందరికి దూరముగను ఉంచుట మన దేశమున మాత్రమే జరిగిన పని కాదు. ఏ విద్య యెవరికి చెందవలెను, ఏ మార్గమున చెందవలెను అను వివాదము ప్రతి దేశమునను ఏదో యొక కాలమున పుట్టినదే. గణితవిషయమున నట్టి వివాదము పంతొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండులో తలయెత్తినది. యంత్రముల కడ పనిచేయబోవు బాలునకు గణితము నెట్లు నేర్పవలెను? పండితునకు నేర్పినట్లే నేర్పవలెనా? లేక వానికి వేరొక త్రోవ కలదా? ఈ ప్రశ్నకు జాన్ పెర్రీ అను ఇంజనీరు చెప్పిన సమాధానమును, దాని ఫలమును, దానిపై వచ్చిన ఆక్షేపణలను చదువరుల యెదుట నుంచ దలచితిమి. మన యిండ్లలోని పిల్లలెందరో నేడు డిప్లమా చదువులలో చేరుచున్నారు గావున ఈ కథ మనకు పరాయిది కాదు.

ఆ కాలమున ఇంగ్లీషు పాఠశాలలలో రేఖాగణిత మనగా యూక్లిడ్ గ్రంథమే. రెండువేల యేండ్లకు పైబడిన ఆ గ్రంథమును, అందలి సిద్ధాంతముల వరుస తప్పకుండ, బాలురు వల్లించెడివారు. ఎన్నవ సిద్ధాంతమని యడిగిన చెప్పగలవాడు సమర్థుడు. గది వైశాల్యమును కొలిచి తెమ్మన్న వాడే తెల్లబోవును. బీజగణితమున కొలువునకు రాని చిక్కు లెక్కలు, త్రికోణమితిలో సూత్రముల గారడి, ఇవన్నియు దాటినవానికి గాని కలన గణితము దర్శన మీయదు. బడిలో నాలుగేండ్లకు మించి యుండలేని పేదవాని కొడుకు ఈ మెట్లలో మొదటి కొన్నింటిపైననే అలసి దిగిపోయెడివాడు. 1871లో రేఖాగణిత బోధనను చక్కజేయుటకు ఉపాధ్యాయులొక సంఘముగ నేర్పడిరి. కాని పరీక్షలు యూక్లిడ్ వరుసనే కోరుచుండుటచే బోధన పెద్దగా మారలేదు.

పెర్రీ 1850లో ఐర్లండు ఉత్తరభాగమున జన్మించెను. బెల్ఫాస్టులో చదివి, గ్లాస్గోలో విలియం థామ్సన్ పండితుని కడ, అనగా తరువాత లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధుడైన వాని కడ, సహాయకుడుగ నుండెను. 1875లో జపాను ప్రభుత్వము వారి పిలుపుపై టోక్యోలోని ఇంజనీరింగు కళాశాలలో అధ్యాపకుడుగ చేరెను. హెన్రీ డయ్యర్ అను యువకుడు ప్రధానాచార్యుడుగ నడుపుచుండిన ఆ కళాశాలలో చదువు ఆరేండ్లు: రెండేండ్లు సామాన్య శాస్త్రములు, రెండేండ్లు వృత్తిశాస్త్రము, చివరి రెండేండ్లు పూర్తిగా పని. పుస్తకమును, సమ్మెటను ఒకే విద్యార్థి చేత పట్టించిన కళాశాల అది. అచ్చట 1883లో పట్టము పొందిన తనాబె సకురో అను యువకుడే బివా సరస్సు నీటిని కాలువ త్రవ్వించి క్యోటో నగరమునకు తెచ్చెను. ఆ కాలువ 1890లో ముగిసినది. టోక్యోలో పెర్రీకి విలియం ఎయిర్టన్ అను విద్యుచ్ఛాస్త్రజ్ఞుడు మిత్రుడయ్యెను. వారిరువురును కొలుచుట, గీయుట, లెక్కించుట వేర్వేరు పనులు కావని అచ్చటనే దృఢపరచుకొనిరి.

1879లో పెర్రీ స్వదేశమునకు మరలెను. అప్పటికి లండనులోని వృత్తిసంఘములు 1878లో స్థాపించిన సంస్థ యొకటి ఫిన్స్‌బరీ పేటలో పనివారికి సాంకేతిక తరగతులు పెట్టియుండెను. 1882లో పెర్రీ అచ్చట చేరెను. మరుసటి యేట కళాశాలకు స్వంత భవన మేర్పడెను. పగలు చిన్న వయసు బాలురు, సాయంకాలము కార్ఖానాలనుండి వచ్చిన పనివారు చదివెడివారు. రోజంతయు పనిచేసి, రెండు గంటలు మాత్రము బల్లపై కూర్చుండగల వానికి ఎనిమిదేండ్ల వరుస చదువు చెప్పుట యసాధ్యము. కావున పెర్రీ వరుసనే తలక్రిందులు చేసెను. ముందు వాడుక, తరువాత ఉపపత్తి.

ఆయన చేతిలోని ముఖ్యసాధనము గళ్ళ కాగితము. అప్పటికి అది బడులలో అరుదు. పొడవైన ఇనుప తీగను పైనుండి వ్రేలాడగట్టి, దానికి ఒక్కొక్క బరువు చేర్చుచు, ప్రతిసారి తీగ యెంత సాగెనో కొలువవలెను. బరువును అడ్డముగను, సాగుదలను నిలువుగను గళ్ళపై గుర్తించిన చుక్కలు దాదాపు ఒక సరళరేఖపై పడును. ఒక చుక్క ప్రక్కకు జరిగినదా, కొలతలో పొరపాటు. విద్యార్థి నల్లదారమును చుక్కల మీదుగ బిగించి సరియైన రేఖ నేర్పరచుకొనును. బరువు హద్దు మీరినపుడు ఆ రేఖ వంగుట మొదలిడును; అనగా తీగ తన స్థితిస్థాపకతను కోల్పోవుచున్నది. బీజగణిత సమీకరణ మననేమో, దాని యర్థమేమో, దాని హద్దేమో, ఇవి మూడును ఒకే కాగితముపై కంటికి కనబడును. నూరు లెక్కలు చేసినను రాని తెలివి ఒక మధ్యాహ్నమున వచ్చును.

కలన గణితమును సైత మీ త్రోవనే చెప్పవచ్చును. పైనుండి విడిచిన రాయి మొదటి సెకనులో 16 అడుగులు, రెండు సెకనులలో 64 అడుగులు పడును. దూరము కాలవర్గమునకు పదునారు రెట్లు. మొదటి సెకను ముగిసిన క్షణమున దాని వేగమెంత? ఒకటవ సెకనునుండి రెండవ సెకను వరకు సగటు వేగము 48 అడుగులు. ఒకటి నుండి ఒకటిన్నొక పదవవంతు వరకు చూచిన 33.6 అడుగులు. నూరవవంతు వరకు చూచిన 32.16 అడుగులు. వేయవవంతు వరకు చూచిన 32.016 అడుగులు. విద్యార్థి తానే 32 అని పలుకును. ఇదియే అవకలనము. దీనికి భయంకరమైన సంకేతముల యవసరము లేదు. కూడిక, గుణకారము వచ్చిన పదునాలుగేండ్ల పిల్లవానికి, మన యింటి ఆడపిల్లకు సైతము బోధపడును. సంకేతములు తరువాత వచ్చి, ఎరిగిన వస్తువునకు పేరుపెట్టును. పెర్రీ 1897లో ఇంజనీర్ల కొరకు వ్రాసిన కలన గణిత గ్రంథమున ఇట్లు పరిచితమైన కదలికలనుండియే యారంభించెను.

అట్లే సంవర్గమానముల పట్టికలను, వాని ఉపపత్తి తెలియకమునుపే, విద్యార్థి చేతికిచ్చెను. గడియారము చేయుట తెలిసినగాని గంట చూడరాదని యెవరందురు? మరియొక మాటను గట్టిగా చెప్పెను: కొలత మూడంకెలవరకే నమ్మదగినదైనపుడు సమాధానమున ఎనిమిది దశాంశములు వ్రాయుట పాండిత్యము కాదు, అసత్యము. మన విద్యార్థులకు నేటికిని ఈ బుద్ధి చెప్పవలసియే యున్నది.

ఆ కళాశాల సాయంకాల తరగతులకు 1884లో ఒక యువతి వచ్చెను. తండ్రిలేని పేదయింట పెరిగి, కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలో గణితము చదివి, 1880లో పరీక్షలో తేరినను, స్త్రీ యగుటచే విశ్వవిద్యాలయ పట్టము పొందజాలని సారా మార్క్స్ ఆమె. ఒక గీతను కోరినన్ని సమభాగములుగ విభజించు పరికరమును కనిపెట్టి ఆ 1884లోనే పేటెంటు పొందెను. పటములు గీయు పనివారికి అది యెంతో యుపయోగకరము. ఫిన్స్‌బరీలో ఎయిర్టన్ కడ విద్యుచ్ఛాస్త్రము నేర్చి, మరుసటి యేట ఆయననే వివాహమాడి హెర్తా ఎయిర్టన్ అని ప్రసిద్ధురాలయ్యెను. విద్యుద్దీపముల చాపమును పరిశోధించి 1899లో ఇంగ్లండు విద్యుత్ ఇంజనీర్ల సంస్థకు ప్రథమ స్త్రీ సభ్యురాలయ్యెను. 1902లో రాయల్ సొసైటీవారు వివాహిత యను కారణమున సభ్యత్వము నిరాకరించిరి. 1906లో ఆ సొసైటీయే హ్యూస్ పతకము నిచ్చి గౌరవింపవలసి వచ్చెను. ఉన్నత విద్యాలయము పట్టమీయక పంపిన యామెకు పనివారి బడి ద్వారము తెరచియుండెననుట గమనింపదగినది.

1899లో పెర్రీ లండనులో పనివారికై ఆరు ఉపన్యాసము లిచ్చి వానిని ప్రచురించెను. దానికి వ్యావహారిక గణితమని పేరు. ప్రభుత్వ పరీక్షలలోను ఆ విషయము చోటుచేసికొనెను. 1901లో గ్లాస్గోలో బ్రిటిష్ శాస్త్రసభ సమావేశమైనపుడు ఆయన గణితబోధనపై చర్చను లేవదీసెను. మనస్సునకు గణితము కాలుచేతులవలె సులభముగ వాడుకొనదగు సాధనము కావలెనని ఆయన వాదము. సభవారు ఫోర్సిత్ పండితుని అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. 1903లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము యూక్లిడ్ వరుసయే కావలెనను నిర్బంధమును సడలించెను. 1902లో అమెరికా గణితసంఘాధ్యక్షుడు మూర్ తన ప్రసంగమున పెర్రీ పద్ధతిని మెచ్చెను. ఫిన్స్‌బరీ కళాశాలాధ్యక్షుడే యగు సిల్వానస్ థామ్సన్ 1910లో తన పేరు వేయక ప్రచురించిన సులభ కలన గణిత గ్రంథము నేటికిని చదువబడుచున్నది. కళాశాల 1926లో మూతపడెను. పెర్రీ 1920లోనే గతించెను.

ఇక ఆక్షేపణలు. ఉపపత్తి లేని గణితము గణితమే కాదని పండితులనిరి. ఇది కేవల దురహంకారమని త్రోసివేయుట న్యాయము కాదు. సూత్రమెచ్చట చెల్లునో, ఎచ్చట చెల్లదో తెలుపునది ఉపపత్తియే. దాని నెరుగని వాని చేతిలో సూత్రము పదునైన కత్తివంటిది. తీగ సాగుదలకు చెప్పిన సరళరేఖను హద్దు దాటినను నమ్మినవాడు కట్టిన వంతెన కూలును. కాని పెర్రీ పద్ధతియందే దీనికి కొంత విరుగుడు కలదు. తాను కొలిచి గీచినవాడు రేఖ వంగుటను కన్నులార చూచియుండును. వల్లించినవాడు చూడడు. కావున ప్రమాదము వాడుకతో నారంభించుటలో లేదు. కొలుచుట మాని సూత్రమును మాత్రము మిగుల్చుకొనుటలో నున్నది.

మాకు గోచరించు అసలు దోషము వేరు. పనివానికొక గణితము, దొరకొక గణితము అని రెండు గోడలు కట్టినచో, మొదటిది క్రమముగ వంటచీట్ల మూటగ దిగజారును. పెర్రీ కోరినది పనివానికి తక్కువ గణితము కాదు, త్వరగ అందు గణితము. ద్వారము వేరైనను ఇల్లొకటే కావలెను. ఈ భేదమును మరచినవారు ఆయన పేరుతోనే ఆయన యుద్దేశమును చెరుపుదురు.

మన దేశమునకు సాంకేతిక విద్య క్రొత్త కాదు. మదరాసులో 1794లోనే మైకేల్ టాపింగ్ సర్వే పాఠశాలను నెలకొల్పెను. గిండీ ఇంజనీరింగు కళాశాల దాని సంతతియే. గొలుసు పట్టి నేల కొలుచుచు త్రికోణమితి నేర్చిన బాలురు పెర్రీకి ముందే మన యొద్ద నుండిరి. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను పదవ తరగతి ముగించిన పిల్లలు పాలిటెక్నిక్కులలో మూడేండ్ల డిప్లమాకు చేరుచున్నారు. వారిలో పలువురు తరువాత ప్రవేశపరీక్ష వ్రాసి పట్టభద్ర తరగతి రెండవ యేట చేరగలరు. అనగా ద్వారము తెరచియే యున్నది. కాని అవకలన సూత్రముల పట్టికను పరీక్షకై కంఠస్థము చేసి, ఒక్క కొలతయైన తీయక, ఒక్క రేఖయైన గీయక వచ్చిన విద్యార్థి ఆ ద్వారమున నిలువజాలడు. యంత్రశాల ప్రక్క గదిలోనే యుండగా గణితపు తరగతి దాని ముఖము చూడకుండుట పెద్ద నష్టము.

ఇందు తలిదండ్రుల బాధ్యతయు కలదు. డిప్లమా యన్న, పెద్ద చదువు రానివాని చదువని తేలికగ మాటలాడుట మన యిండ్లలో నలవాటు. చేతిపనిని చిన్నచూపు చూచు పాత దురాచారమే ఈ మాటలో దాగియున్నది. చేతితో కొలిచి, కంటితో చూచి, బుద్ధితో నిర్ణయించు విద్య చిన్న విద్య ఎట్లగును? ఇంటనున్న పిల్లవానికి, పిల్లకు ఒక గళ్ళ కాగితమిచ్చి, కుండలో నీరు చల్లారు వేడిమినో, మొక్క దినదినము పెరుగు ఎత్తునో గుర్తింపుమనుడు. చుక్కలు గీతగ మారుటను వారు చూతురు. ఆ గీత వంపునకు కారణమేమని వారడిగిన దినమున ఉపపత్తికి వేళ వచ్చినదని యుపాధ్యాయుడు గ్రహింపవలెను.